అదిగో బిగ్ బెన్, అదిగో పార్లమెంట్

నిన్న రాత్రి యూరోపియన్ వెకేషన్ అనే ఇంగ్లీష్ కామెడీ సినిమా మళ్ళీ చూశా. 1985లో వచ్చింది, ఎమీ హెకర్లింగ్ డైరెక్షన్. ఈ సిరీస్‌లో 1983లో వచ్చిన మొదటిదే బెస్ట్ అని చాలామంది అంటారు, సినిమాగా చూస్తే అది కరెక్టే, కానీ నాకు మాత్రం ఈ రెండోదే ఇష్టం, కారణం ఇందులోని నాన్న.

గ్రిస్‌వోల్డ్ కుటుంబం అమెరికా వాళ్ళు, అమ్మ, నాన్న క్లార్క్, కొడుకు, కూతురు. పంది వేషాలేసుకుని టీవీ గేమ్ షోలో ఆడి యూరప్ ట్రిప్ గెలుస్తారు, ఇంక ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఎక్కడికెళ్తే అక్కడ ఏదో ఒకటి కూలుతుంది లేదా ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతుంది. కావాలని మాత్రం ఒక్కటీ చెయ్యరు పాపం.

లండన్ రౌండబౌట్ సీన్ ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. అక్కడ బండ్లు ఎడమవైపు నడుస్తాయి కదా, రౌండబౌట్‌లో గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగి ఎడమకి జరిగి బయటపడాలి. కుడివైపు నడిపి అలవాటైన క్లార్క్ లోపలి లేన్‌లో ఇరుక్కుపోతాడు, ఎడమకి జరుగుదామంటే సందు దొరకదు. మొదటి చుట్టులో అదిగో బిగ్ బెన్, అదిగో పార్లమెంట్ అని పిల్లలకి ఎంత సంబరంగా చూపిస్తాడో! రెండో చుట్టులోనూ అదే మాట, ఆ తర్వాతా అదే మాట, చూస్తుండగానే చీకటి పడిపోతుంది, కార్లో అందరూ నిద్రపోతారు, ఆయనొక్కడే స్టీరింగ్ పట్టుకుని పిచ్చి నవ్వు నవ్వుకుంటూ ఇంకా బిగ్ బెన్ చూపిస్తూనే ఉంటాడు. డైలాగ్ మారదు, ఆ గొంతులో హుషారు మాత్రం కొంచెం కొంచెంగా ఎలా పోతుందో క్లార్క్‌గా వేసిన చెవీ చేజ్ అద్భుతంగా చేశాడు. మా నాన్న కూడా అంతే, దారి తప్పినా సరే ఇదిగో వచ్చేశాం, ఇంకొంచెమే అంటూ నడిపించేవారు, అందుకే నాకు ఈ సీన్‌లో నవ్వుతో పాటు గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

స్టోన్‌హెంజ్ దగ్గర క్లార్క్ కారు రివర్స్ చేస్తూ ఒక రాయికి గుద్దుతాడు, వేల ఏళ్ళుగా నిలబడ్డ రాళ్ళన్నీ వరసగా పడిపోతాయి. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందంలోని ఎరిక్ ఐడిల్ సైకిల్ మీద వస్తూ వీళ్ళ కారు కింద పడి, రక్తం కారుతున్నా పర్లేదండీ అంటూ మర్యాదగా మాట్లాడటం ఇంకో హైలైట్. పారిస్‌లో వెయిటర్ నవ్వుతూనే ఫ్రెంచ్‌లో తిడుతుంటే వీళ్ళకి అర్థం కాక సంతోషపడిపోతారు.

రోమ్ భాగం మాత్రం నాకు నచ్చలేదు. దొంగలు, కిడ్నాపు, ఛేజింగ్ అంటూ వేరే సినిమాలోకి వెళ్ళిపోయినట్టుంటుంది, టూరిస్టుల కామెడీకి దొంగలెందుకు, ఒక మెనూ కార్డు చాలు కదా.

జర్మనీలో బూట్లు కొట్టుకుంటూ, తొడలు చరుచుకుంటూ చేసే జానపద డాన్స్‌లోకి క్లార్క్ దూరి దాన్ని కొట్లాట చేసేస్తాడు, అందరూ దాని గురించే చెప్తారు. నాకైతే దానికి ముందు వచ్చే ముసలి దంపతులే గుర్తుండిపోయారు. చుట్టాలనుకుని క్లార్క్ వాళ్ళింట్లో దిగుతాడు, కౌగిలించుకుంటాడు, వాళ్ళకి ఇంగ్లీష్ రాదు, వీళ్ళకి జర్మన్ రాదు, అయినా ఆ పెద్దవాళ్ళు తిండి పెట్టి, ఉండటానికి చోటిచ్చి బాగా చూసుకుంటారు. అంతా అయ్యి వీళ్ళు వెళ్ళిపోయాక ముసలాయన, ముసలావిడ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఇంతకీ ఎవరు వీళ్ళు అని.