సెకనుకు రెండు రోల్స్

ఆషాఢంలో ఫొటోగ్రాఫర్‌కు పనుండదు. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ జిరాక్సులు, అంతే. ఏటా ఈ నెలంతా లెన్సులు తుడుచుకుంటూ, పాత ఆల్బమ్ బాకీల కోసం ఫోన్లు చేసుకుంటూ గడిపేస్తాను. ఈసారి మాత్రం ఆషాఢం మీద నాకు కొత్తగా ప్రేమ పుట్టింది. ఇది 2017 జులై. హాలీవుడ్ దర్శకుడు నోలన్ తీసిన యుద్ధం సినిమా డంకర్క్ 21వ తేదీ శుక్రవారం వస్తోంది. 23 ఆదివారం అమావాస్య. సోమవారం నుంచి శ్రావణం. శ్రావణం మొదలైందంటే నాకు అన్నం తినడానికి కూడా తీరికుండదు. నాకు దొరికేవి మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో చెన్నై పోయి సినిమా చూసి రావాలి.

"సినిమాకు చెన్నై ఎందుకు, తిరుపతిలో రాదా?" అంది మా ఆవిడ.

రావచ్చు. కానీ నాకు కావలసింది ఐమాక్స్ తెర, మామూలు హాళ్ల తెరకన్నా బాగా పెద్దది. అది ఎందుకో నోటితో చెప్తే అర్థమయ్యేట్టు లేదని, స్టూడియో వెనక గదిలో నెగెటివ్‌లకు మెరుగులు దిద్దే నాన్న పాత టచింగ్ డెస్కు దుమ్ము దులిపి, కింద బల్బు వేసి, దాని మీద రెండు నెగెటివ్‌లు పక్కపక్కన పెట్టాను. ఒకటి నేను పని నేర్చుకున్న రోజుల్లోని 35 ఎంఎం. పొడవు 36 మిల్లీమీటర్లు, వెడల్పు 24. అగ్గిపెట్టె మీద బొమ్మకన్నా చిన్నది. రెండోది నాన్న యాషికా కెమెరాతో తీసిన 120 ఫిల్మ్. చదరంగా ఉంటుంది, అటు 56, ఇటు 56. నెగెటివ్‌లు చూడ్డం రానివాళ్లు కూడా ఈ రెండింటిని పక్కన పెడితే ఏది బాగుందో చెప్పేస్తారు. చిన్నదాంట్లో ముఖం ఉంటుంది. పెద్దదాంట్లో ముఖం మీద చెమట ఉంటుంది.

సినిమాకు వాడే 35 ఎంఎంలో ఫ్రేము ఇంకా చిన్నది, ఫొటో ఫ్రేములో సగమే. సినిమా కెమెరాలో ఫిల్మ్ నిలువుగా నడుస్తుంది కాబట్టి వెడల్పు అంతకే పరిమితం. మన దగ్గర 70 ఎంఎం అని బోర్డు పెట్టిన వాటిలో చాలా వరకు చిన్న నెగెటివ్ మీద తీసి ప్రింటు పెంచినవే. షోలే కూడా అంతే. ఐమాక్స్ కెమెరాలో 65 ఎంఎం ఫిల్మ్ మన ఫొటో కెమెరాలోలాగా అడ్డంగా నడుస్తుంది. ఒక్కో ఫ్రేముకు ఫిల్మ్ అంచున 15 కన్నాలు. దాదాపు 70 మిల్లీమీటర్లు ఇటు, 48 అటు. అంటే నాన్న 120 నెగెటివ్ కన్నా పిసరంత పెద్దది.

ఇక్కడే నాకు నిద్ర పట్టనిది. 120 రోల్‌కు 12 ఫొటోలు వస్తాయి. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు కావాలి. సెకనుకు రెండు రోల్స్! సినిమా నిడివి 106 నిమిషాలు. లెక్క కట్టాను, 12,720 రోల్స్. రోజుకొక రోల్ వాడే స్టూడియోకు అది దాదాపు 35 ఏళ్ల పని. ఆ ఐమాక్స్ ప్రింటును అలిపిరి నుంచి తిరుమల దాకా మెట్ల దారి పొడవునా పరిచేయొచ్చు.

ఈ లెక్క చెప్తే నాన్న కాసేపు పలకలేదు. తర్వాత, "ఎవడు కడుగుతాడ్రా అవన్నీ?" అన్నాడు.

నాన్నకు 79. స్టూడియోకు రావడం తగ్గించాడు గానీ, బిస్కెట్ డబ్బాల్లో దాచిన నెగెటివ్‌ల లెక్క ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. 1971 చివర్లో, యుద్ధం రాకముందు, పాకాల వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడట. మిలిటరీలో చేరి ఏడాదైంది, సెలవు అయిపోయింది, పొద్దున్నే బండి. అమ్మ దగ్గర ఉండటానికి ఫొటో కావాలి. వంతెన, హంసలు ఉన్న తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి నాన్న ఒక్కటే తీశాడు. రెండోదానికి ఫిల్మ్ దండగ.

2010లో ఒక పెద్దాయన వచ్చి, "ఆ కుర్రాణ్ణి నేనే సార్" అన్నాడు. షష్టిపూర్తి చేస్తున్నారు, ఆ ఫొటో మూడడుగులకు పెంచి హాల్లో పెట్టాలని పిల్లల కోరిక. నాన్న పది నిమిషాల్లో డబ్బా తీశాడు. నేను స్కాన్ చేసి పెంచాను. పెంచేకొద్దీ వస్తూనే ఉంది. చొక్కా రెండో గుండీకి వేరే రంగు దారం. తెర అంచున నాన్న కట్టిన తాడు ముడి. రెండు కళ్లలోనూ స్టూడియో బల్బులు చెరో తెల్ల చుక్క. పై పెదవి మీద చెమట బొట్లు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. నవంబరులో చెమట ఏమిటి?

పెద్దాయన ప్రింటు ముందు చాలాసేపు నిలబడి, "అప్పుడు ఇంత భయపడినట్టు నాకు గుర్తే లేదు సార్" అన్నాడు. మనిషి మర్చిపోయిన భయం నెగెటివ్‌లో ఉంది. అదే 35 మీద తీసి ఉంటే మూడడుగులకు పెంచేసరికి ముఖం గింజలు గింజలుగా విడిపోయేది, ఎవరి భయమూ కనపడేది కాదు.

డంకర్క్ కోసం నేను ఇంతగా ఎదురుచూడడానికి కారణం ఈ ఫొటోనే అనుకుంటాను. అది గెలిచిన యుద్ధం కథ కాదు. 1940 మే నెల, ఫ్రాన్స్ ఒడ్డున ఇసుకలో లక్షల మంది బ్రిటిష్, ఫ్రెంచ్ సైనికులు ఇరుక్కుపోయారు. మూడు వైపులా జర్మన్ సైన్యం, నాలుగో వైపు సముద్రం. ఒడ్డు దగ్గర లోతు లేదు, పెద్ద ఓడ దగ్గరికి రాలేదు. నీళ్లలో భుజాల దాకా దిగి వరుసలో నిలబడటం, తల పైకెత్తి విమానం మనదా వాళ్లదా అని చూడటం, అదే పని. 45 వేల మందిని తేగలిగితే గొప్ప అనుకున్నారట. మే 26 నుంచి జూన్ 4 లోపు 3,38,226 మందిని ఇంగ్లండ్ చేర్చారు. వాళ్లను తేవడానికి చేపల పడవలు, షికారు పడవలు కూడా వందల్లో వెళ్లాయి. ఆ ఇసుకలో మనవాళ్లూ ఉన్నారు. ఇండియా నుంచి కంచర గాడిదలతో సహా వెళ్లిన సైన్యపు సరఫరా దళాల వాళ్లు. ట్రైలర్లో అయితే వాళ్లు నాకు కనపడలేదు. సినిమాలోనూ లేకపోతే తిట్టుకుంటాను. చూడటం మాత్రం మానను.

మన యుద్ధం సినిమాలంటే నాకు కొంచెం విసుగు. హీరో అరుస్తాడు, ఒక్కడే బంకర్ లేపేస్తాడు, ఇంటర్వెల్‌కు ముందు చెల్లెలి దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది. భయపడేవాడు ఎప్పుడూ కమెడియనే. ఇందులో అందరూ భయపడతారని ట్రైలర్ చూస్తేనే తెలుస్తోంది. ఒడ్డు మీద వారం, సముద్రం మీద రోజు, గాలిలో గంట, ఈ మూడు కాలాలనూ నోలన్ కలిపి అల్లాడని చదివాను. అల్లిక సంగతి అక్కడ చూద్దాం. నాకు కావలసింది ఆ వరుసలో నిలబడ్డ పిల్లల ముఖాలు.

పైన ఆకాశం కూడా కావాలి. ఐమాక్స్ ఫ్రేము దాదాపు చదరం, ఎత్తు ఒకటైతే వెడల్పు 1.43. మామూలు హాల్లో ఇదే సినిమాను 2.20కి కోసి వేస్తారు. అంటే ఎత్తులో మూడో వంతుకు పైనే పోతుంది. నా కస్టమర్లకు దీన్ని ఇట్లా చెప్తాను: చదరపు నెగెటివ్‌ను అడ్డంగా పొడుగ్గా ఉండే మాక్సీ సైజు పేపరు మీద నిండుగా ప్రింటు వేస్తే గ్రూప్ ఫొటోలో వెనక వరుస తలకాయలో, ముందు వరుస కాళ్లో, ఏదో ఒకటి ఎగిరిపోతుంది. ఇక్కడ ఎగిరిపోయేది ఆకాశం. బాంబు పడేది ఆకాశం నుంచే కదా.

2012లో హైదరాబాద్ ప్రసాద్స్‌లో ఆ నిండు ఫ్రేమును ఒకసారి చూశాను. అప్పుడక్కడ ఫిల్మ్ మిషన్ ఉండేది. 72 అడుగుల ఎత్తు తెర. నోలన్ సినిమానే. మామూలు సీనులో పైనా కిందా నల్లగా ఉన్నది, ఐమాక్స్ సీను రాగానే నిండిపోయి, హాలుకు గోడ లేకుండా పోయినట్టయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ కుర్చీ చేతులు పట్టుకుంది. ఇప్పుడు ఆ మిషన్ అక్కడ లేదు.

చెన్నై వేలచ్చేరి మాల్‌లో ఉన్నది డిజిటల్ ఐమాక్స్. అక్కడ బొమ్మ 1.90. నాలుగో వంతు ఆకాశం అక్కడా పోతుంది. నా సెకనుకు రెండు రోల్స్ కాస్తా అక్కడికి హార్డ్ డిస్కులో వస్తాయి. మరి నూట నలభై కిలోమీటర్లు ఎందుకంటే, మిగిలిన ముప్పాతికైనా వెలుతురుతో కనపడాలని.

వెలుతురు సంగతి చెప్పకపోతే నాకు తోచదు. మొన్నామధ్య ఒక హాల్లో (పేరు వద్దు, రేపు అక్కడే చూడాలి) సినిమా చూస్తుంటే పగటి సీనులన్నీ సాయంత్రం ఆరింటికి తీసినట్టున్నాయి. జేబులో లైట్ మీటర్ ఉంది, రిసెప్షన్ నుంచి నేరుగా పోయాను. చివర్లో పేర్లు పడేటప్పుడు తెల్ల భాగం మీద పెట్టి చూశాను. వారం తర్వాత ఇంకో హాల్లో అదే వరుసలో కూర్చుని మళ్లీ చూశాను. ఒకటిన్నర స్టాప్ తేడా! అర్థమయ్యేట్టు చెప్పాలంటే, మొదటి హాల్లో తెర మీద పడుతున్నది రెండో హాల్లో పడేదానిలో మూడో వంతు వెలుతురు. తెర వెలుతురును ఫుట్‌లాంబర్ట్‌లలో కొలుస్తారు, డిజిటల్ తెరకు 14 ఉండాలని రూలే ఉంది. బయటికొచ్చి ఆపరేటర్‌ను అడిగితే పాపం నిజమే చెప్పాడు. "త్రీడీ ఫిల్టర్ తీయలేదు సార్, సాయంత్రం షోకు మళ్లీ పెట్టాలి కదా." ల్యాంపు కూడా గంటలు దాటిపోయిందట, మేనేజరు కొత్తది తెప్పించడట. నేను పెళ్లి మంటపంలో ఫ్లాష్ పవర్ తగ్గించి తీసి, ఆల్బమ్ డబ్బులు పూర్తిగా అడిగితే ఊరుకుంటారా?

సౌండూ అంతే. మీటను ఏడు మీద పెట్టి వినాలని సినిమా వాళ్లు మిక్స్ చేస్తారు. ఎవరో చెవులు నొప్పి అన్నారని మనవాళ్లు నాలుగున్నరకు దించేస్తారు. ఇక దించింది దించినట్టే ఉంటుంది. విమానం మీదికొస్తుంటే పక్కింట్లో మిక్సీ తిరిగినట్టుంటుంది.

ఈ నెల మొదట్లో ఇంకో టెన్షన్. జీఎస్టీ వచ్చింది, వంద దాటిన టికెట్‌కు 28 శాతం. దాని మీద తమిళనాడులో స్థానిక పన్ను ఇంకో 30 అన్నారు. 3వ తేదీ నుంచి అక్కడ హాళ్లన్నీ మూసేశారు. వేలచ్చేరిలో ఉండే మా బావమరిదికి రోజూ ఫోను. "తెరుస్తారు బావా, నువ్వు తల పగలగొట్టుకోవద్దు" అనేవాడు. నాలుగు రోజులకు తెరిచారు. వాడికి ఐమాక్స్ అంటే పెద్ద తెర, అంతే. "ఆడ ఏసీ బాగుంటది బావా" అన్నాడు. సీట్లు ఎక్కడ కావాలో చెప్పడానికి నాకు వాట్సాప్‌లో బొమ్మ గీసి పంపాల్సి వచ్చింది. వెనక నుంచి మూడు నాలుగు వరుసల లోపు, సరిగ్గా మధ్యన. ముందుకు పోతే నాన్న మెడ ఉండదు, పక్కకు పోతే తెర వంకరగా కనపడుతుంది.

అవును, నాన్న కూడా వస్తున్నాడు. నేను పిలవలేదు. టచింగ్ డెస్కు దగ్గర లెక్క చెప్పిన రోజు రాత్రే, "నాకూ ఒక టికెట్ చెప్పు" అన్నాడు. షుగర్ మాత్రల డబ్బా విడిగా పెట్టించుకున్నాడు. ఇంటర్వెల్ ఉంటుందా అని రెండుసార్లు అడిగాడు. ఆ సినిమాలో లేకపోయినా మనవాళ్లు కోసి పెడతారు, భయపడొద్దన్నాను.

నిన్న రాత్రి బావమరిది మెసేజ్ పెట్టాడు. శనివారం మధ్యాహ్నం షో, మూడు టికెట్లు, వెనక నుంచి నాలుగో వరుస. మధ్యకు రెండు సీట్లు పక్కన. పర్వాలేదు.

పొద్దున స్టూడియో తెరిచేసరికి నాన్న ముందే వచ్చి కూర్చున్నాడు. నల్ల పేపరు తీసుకుని, స్కేలు పెట్టి, బ్లేడుతో 70కి 48 కన్నం కోసుకున్నాడు. డెస్కు మీద 1971 నెగెటివ్ పెట్టి, దాని మీద ఆ పేపరు ఆనించి కుర్రాడి ముఖం చూస్తున్నాడు.

"పక్కలకు ఇంకా చోటుందిరా" అన్నాడు. కాసేపాగి, "ఆ ఆపరేటర్ రూములోకి మనల్ని రానిస్తారా? రీలు ముక్క ఒక్కటి అడిగి తెచ్చుకుందాం. పక్కన పెట్టి చూడాలి" అన్నాడు.

హార్డ్ డిస్కు సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. శనివారం దాకా టైముంది.