పావు అంగుళం

నెబ్రాస్కాలోని లింకన్‌లో నా మొదటి ఉద్యోగం గుడ్డల షాపులో, కటింగ్ కౌంటర్ దగ్గర. రోజంతా నిలబడి తానులు పరవడం, అడిగినంత కోసివ్వడం. మొదటి వారంలోనే ఒకావిడ ‘ఫ్యాట్ క్వార్టర్’ అడిగితే పావుగజం పొడుగు పట్టీలా కోసిచ్చాను. ఆవిడ కోప్పడలేదు. అరగజం కోసి, మధ్యకు మడిచి రెండు చేయమంది. 18 అంగుళాలకు 22. అదీ పావుగజమే, కానీ అందులో పెద్ద ముక్కలు వస్తాయి.

తర్వాత ఆవిడే క్విల్టుల గురించి, అంటే అమెరికా బొంతల గురించి, ఎన్నో చెప్పింది. పైన ముక్కలు అతికిన బట్ట, మధ్యలో దూది పొర, కింద అడుగుబట్ట. ఈ మూడిటినీ కలిపి వేసే సన్న కుట్టే అసలు క్విల్టింగ్. ముక్కలు అతికేటప్పుడు అంచు సరిగ్గా పావు అంగుళం వదలాలి. ప్రతి అతుకులో రెండు ముక్కల నుంచీ అంగుళంలో పదహారో వంతు చొప్పున ఎక్కువ పోతే, పదహారు అతుకులకు రెండు అంగుళాలు తగ్గిపోతుంది. అంత లెక్క ఉన్న పనిని మనం ‘అతుకుల బొంత’ అని తిట్టుగా ఎలా వాడుతున్నామో!

ఊళ్లోనే ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉంది. 1997లో ఒక దంపతులు ఇచ్చిన దాదాపు 950 క్విల్టులతో మొదలైంది. సెలవురోజుల్లో అక్కడికి వెళ్లడం అలవాటైంది. అయినా నన్ను కదిలించింది ఒక పుస్తకంలోని ఫొటో. అలబామాలో గీస్ బెండ్ అనే నల్లజాతి రైతుల ఊరు. 1942లో మిస్సోరీ పెట్‌వే, చనిపోయిన భర్త పనిబట్టలు చించి కుట్టిన క్విల్ట్. మాసిన నీలం, బూడిద రంగు. గీతలు వంకరగా పోతాయి, అయినా ఏ ముక్కనూ పక్కకు జరపాలనిపించదు. పావు అంగుళం లెక్క నేర్చుకున్నాకే ఆ వంకరలో ఎంత ఆలోచన ఉందో నాకు తెలిసింది.

తాతయ్య పోయాక మా అమ్మమ్మ ఆయన పంచెలతో బొంత కుట్టింది. దూది లేదు, బట్ట మీద బట్ట, దబ్బనంతో పెద్ద పెద్ద కుట్లు. అందులో పడుకున్న మేమెవరమూ ఆ కుట్లను పరీక్షగా చూడలేదు.

ఇప్పుడు నేను ‘లాగ్ క్యాబిన్’, అంటే దుంగల ఇల్లు అనే నమూనాలో ఒక క్విల్ట్ మొదలుపెట్టాను. మధ్యలో ఎర్ర చదరం, అంటే ఆ ఇంట్లో పొయ్యి. చుట్టూ పట్టీలు, ఒకవైపు లేతవి, ఒకవైపు ముదురువి. ఎరుపుకి అమ్మ పాత నేత చీర తీశాను. రంగు దిగుతుంది, ముందు ఉతుకు అంది ఆ ఫ్యాట్ క్వార్టర్ ఆవిడ. మూడుసార్లు ఉతికాను. నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.