గల్ఫ్ ఆసుపత్రి మంచం నుంచి నెల్లూరు ఇంటి మంచం దాకా

పక్షవాతం వచ్చో, పరంజా మీద నుంచి పడి నడుం విరిగో గల్ఫ్‌లో మంచాన పడ్డ మనిషిని ఇంటికి పంపుతున్నామంటే నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చే మొదటి ఫోన్‌లో భయమంతా విమానం గురించే. 'గాల్లో ఏమన్నా అయితే ఎట్టా?' అని. ఇక్కడ అంబులెన్సుల మీద పనిచేసే మాకు అసలు భయం మంచం మారే చోట. ఆసుపత్రి మంచం నుంచి అంబులెన్స్ స్ట్రెచర్ మీదికి, అక్కణ్ణించి విమానంలోకి, చెన్నైలో మళ్లీ అంబులెన్సులోకి, చివరికి ఇంటి మంచం మీదికి. గొట్టాలు ఊడేదీ, ఎత్తేవాళ్ల నడుం పట్టేసేదీ ఈ నాలుగు చోట్లే.

కాగితాల పని ముందు తేలాలి. రోగి పరిస్థితి విమాన సంస్థకు తెలిపే మెడిఫ్ ఫారం వైద్యం చేస్తున్న డాక్టరు నింపాలి, విమాన సంస్థ డాక్టర్లు ఒప్పుకోవాలి. ఎకానమీలో ఆరో తొమ్మిదో సీట్లు వంచి వాటి మీద స్ట్రెచర్ బిగిస్తారు, ఖర్చు ఆ లెక్కనే ఉంటుంది. తోడు మనిషి తప్పనిసరి, చాలా కేసుల్లో నర్సే కావాలంటారు. డబ్బుకు దారిలేని వాళ్లు రాయబార కార్యాలయంలో భారతీయ సమాజ సంక్షేమ నిధి కింద అర్జీ పెట్టుకోవచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లాలంటే ప్రభుత్వ వలస అనుమతి కావాల్సినది) మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఏ బీరువాలో ఉందో వెతకండి, చాలామందికి అది ఉన్న సంగతే గుర్తుండదు.

విమానం లోపల గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఒంట్లో గానీ, గొట్టాల్లో గానీ చిక్కుకున్న గాలి సుమారు మూడో వంతు ఉబ్బుతుంది. అందుకే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన మనిషిని అది పూర్తిగా తగ్గేదాకా ఎక్కించరు. పిండికట్టు వేసి 48 గంటలు కాకపోతే దాన్ని పొడవునా చీల్చాలి, లేకపోతే లోపల కాలు వాచి రక్తం ఆడదు. గొంతులో గొట్టం ఉంటే దాని కఫ్‌లో, అంటే గొట్టం చుట్టూ ఉండే చిన్న బెలూన్‌లో, గాలి తీసేసి సెలైన్ నింపడమో, దారిలో దాని ఒత్తిడి చూస్తూ పోవడమో చెయ్యాలి. మన సిలిండర్ విమానంలోకి రానివ్వరు. ఆక్సిజన్ కావాలని మెడిఫ్‌లోనే రాయించాలి. ఎక్కేరోజు అడిగితే దొరకదు.

ఇక మంచం మార్చడం. ముందు రెండు మంచాలూ ఆనించి చక్రాల బ్రేకులు వెయ్యాలి, ఎక్కించే వైపు మంచం ఒక బెత్తెడు కిందికి ఉంటే మంచిది. మూత్రం సంచి ఖాళీ చేసి, రోగితో పాటే దాటేలా, కానీ మూత్రాశయం కంటే ఎత్తుకు రాకుండా పట్టుకోవాలి. కడుపు మీద పడేస్తే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. సెలైన్ లైన్ ఎటు పోతోందో వేలితో తడుముతూ చివరిదాకా చూసుకోవాలి, దుప్పటి కింద మంచం కమ్మీకి చుట్టుకునేది అదే. కనీసం నలుగురు కావాలి. తల దగ్గరున్న మనిషిదే మాట. నలుగురూ 'పట్టు, పట్టు' అని అరిస్తే ఒకడు ముందు లాగుతాడు, ఒకడు ఆగుతాడు, రోగి మెలిపడతాడు. దుప్పటి అంచును ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని జరపాలి గానీ గాల్లోకి లేపకూడదు. వెన్నెముక దెబ్బ అయితే తల, భుజం, తుంటి ఒకే దుంగలా కదలాలి.

చెన్నై నుంచి నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు. విమానాశ్రయంలో బయటపడేదీ, ఊళ్లో ట్రాఫిక్కూ కలుపుకుంటే నాలుగు గంటలు వేసుకోండి. ఒంగోలుకైతే ఇంకో రెండు గంటలు. ఇలా ముందే తెలిసిన ప్రయాణం 108 పని కాదు, విడిగా బండి మాట్లాడుకోవాలి. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీఎస్ సంస్థ వాళ్లనీ ముందుగా అడిగి చూడండి. బండివాణ్ణి కిరాయి ఎంత అని అడిగే ముందు ఆక్సిజన్ ఎంత అని అడగాలి. బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు చాలిన మనిషికి అది 12 గంటలొస్తుంది. అదే 6 లీటర్లు కావాల్సొస్తే నాలుగు గంటలకు 1,440 లీటర్లు, అంటే ఇల్లు చేరేసరికి ముల్లు సున్నా మీద. తడ దగ్గర లారీలు ఆగిపోతే గూడూరు దాటకముందే కష్టం మొదలవుతుంది. లెక్కకు ఒకటిన్నర రెట్లు ఎక్కించుకోవాలి. సిలిండర్ విప్పే తాళం, అదనపు వాషరు, ఇంకో రెగ్యులేటరు బండిలో ఉన్నాయా అని కళ్లతో చూడండి. నిండు సిలిండర్ పక్కనే ఉండి, తాళం లేక వాల్వు తిరగకపోవడం కొత్తేమీ కాదు. వాషరు పోతే 'స్‌స్' మని కారుతూనే ఉంటుంది, టేపు చుడితే ఆగదు. నూనె చేతులతో అసలు ముట్టుకోకూడదు, మంట అంటుకుంటుంది.

రోగి తల డ్రైవరు వైపు ఉంటుంది కాబట్టి సడన్ బ్రేకు వేస్తే ఒళ్లంతా తలవైపుకే జారుతుంది. దాన్ని ఆపేవి భుజాల మీది బెల్టులు. మన బండ్లలో చాలావాటికి అవి ఉండవు, ఉన్నా స్ట్రెచర్ కింద ముడేసి ఉంటాయి. అడ్డంగా కట్టిన రెండు బెల్టులు ఆ జారుడును ఆపలేవు. సిలిండరుకూ కట్టు ఉండాలి. లోపల కూర్చునే ఒక్క బంధువు బెల్టు పెట్టుకోవాలి. బావగారూ, పిన్నమ్మా, మేనమామా అందరూ ఎక్కితే నర్సు రోగి దగ్గరికి చేరలేదు. మిగతావాళ్లు వెనక కారులో రండి. పరిస్థితి నిలకడగా ఉన్న మనిషికి సైరన్ మోతా, 100 వేగమూ అనవసరం.

దించేటప్పుడు స్ట్రెచర్ కాళ్లు రెండు వైపులా 'టక్'మని పడ్డాయో లేదో విన్నాకే కొక్కెం వదలాలి. సందులో గతుకుల మీద స్ట్రెచర్ ఎత్తు తగ్గించి, తలవైపొకరు, కాళ్లవైపొకరు ఉండి పొడవుగా నడపాలి. ఎత్తుగా ఉంచి పక్కకు నెడితే ఒరిగిపోతుంది. గుమ్మం వెడల్పు ముందు రోజే కొలవండి. తలుపులోంచి స్ట్రెచర్ పడుతుంది గానీ వసారాలో మలుపు దగ్గర తిరగదు. నులక మంచం, నవారు మంచం వద్దు, నడుం దిగబడిపోతుంది. గట్టి బల్ల మంచం మీద గాలి పరుపు వేసి పెట్టుకోండి.

ఇంటికి చేరిన రాత్రే రోగిని పక్కకు తిప్పి నడుం కింది ఎముక దగ్గరా, మడమల మీదా చర్మం చూడాలి. అంతసేపు ఇరుకు స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకున్న ఒళ్లు అది. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించదు, అరచెయ్యి ఆనిస్తే చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో తగులుతుంది. ఆ చోట మర్దన చెయ్యకూడదు. దాని మీద బరువు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చి, తెల్లారగానే డాక్టరుకు చూపించండి.