ఈఈజీకి వెళ్లేముందు తలకు నూనె పెట్టకండి

నిన్ననే రిపోర్టు చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాది చంద్రగిరి. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి మూడు వారాల తేడాతో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. తిరుపతిలో నరాల డాక్టరుకు చూపించాం. రక్తపరీక్షలో చక్కెర, సోడియం, కాల్షియం సరిగానే ఉన్నాయి. ఎంఆర్‌ఐ తీసి, మెదడులో బద్దెపురుగు తిత్తులుగానీ గడ్డలుగానీ లేవన్నారు.

మెదడు పనితీరును గీతలుగా తీసే ఈఈజీ పరీక్ష దగ్గరే మా ప్రాణం తీశారు. చీటీ మీద తేదీ, సమయం మాత్రం రాసిచ్చి, ముందురోజు రాత్రి పిల్లను తక్కువ నిద్రపోనివ్వమని నోటితో చెప్పారు. పన్నెండింటిదాకా మేలుకోబెట్టి, నాలుగింటికే లేపాను. తరువాత రోజూ చేసే పనే చేశాను. నూనె రాసి, రెండు జడలు బిగించి అల్లాను. బస్సులో కునుకు తీయకుండా కబుర్లు చెబుతూ తీసుకొచ్చాను.

ఆ గదిలోని ఆవిడ జడ పట్టుకుని చూసి, జిడ్డంటిన వేళ్లు నా ముఖం ముందుకు తెచ్చింది. "ఈ తలకు వైర్లు ఎలా అంటుకుంటాయమ్మా? చదువుకోలేదా మీరు?" అని బెంచీల మీదున్న వాళ్లందరికీ వినబడేలా అరిచింది. పదిహేనేళ్లుగా అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నదాన్ని. నోట మాట రాలేదు. మా అమ్మాయి తల వంచుకుని జడలను చున్నీ కింద దాచుకుంది. మళ్లీ పది రోజుల తరువాత రమ్మన్నారు. ఆ పది రాత్రులూ పిల్ల పక్కనే పడుకుని దాని ఊపిరి వింటూ గడిపాను. 'తలస్నానం చేయించండి, నూనె వద్దు' అని చీటీ మీద ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయేది?

రెండోసారి టేపుతో తల కొలిచి, తెల్లటి పేస్టుతో ఇరవై దాకా వైర్లు అంటించారు. కరెంటు పెడతారని మా ఆడపడుచు పిల్లను భయపెట్టి పంపింది. పెట్టరు. మెదడులో పుట్టే కరెంటునే ఆ యంత్రం గీతలుగా చూపిస్తుంది. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమన్నారు, వేళ్లు తిమ్మిరెక్కాయంది. కళ్ల ముందు లైటు టపటపా వెలిగించారు. ఆ తరువాత నిద్రపోయింది.

రిపోర్టులో తేడా ఏమీ లేదని ఉంది. జబ్బే లేదని సంబరపడ్డాను. పరీక్ష జరిగినంతసేపూ మెదడు నెమ్మదిగా ఉంటే గీతలూ మామూలుగానే వస్తాయనీ, అంతమాత్రాన మూర్ఛ లేదనలేమనీ డాక్టరు గారు చెప్పారు. ఆయనకు ఎక్కువగా పనికొచ్చింది మా చిన్నవాడు ఫోనులో తీసిన వీడియో. అక్క కొట్టుకుంటుంటే వీడియో తీస్తావా అని ఆ రోజు వాడి చెంప పగలగొట్టాను. ముందు ఏ చేయి బిగిసిందో, కళ్లు ఎటు తిరిగాయో, ఎంతసేపు ఉందో అంతా అందులోనే దొరికింది. చేతిలో తాళంచెవులు పెట్టమని మా వాళ్లు వేసిన కేకలూ వినబడ్డాయి. ఇనుము పెడితే ఫిట్స్ ఆగవు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. నిన్న రాత్రి నుంచే మాత్రలు మొదలుపెట్టాం.

రిపోర్టు తీసుకుని వస్తుంటే, అదే గది బయట ఒక తల్లి తన కొడుకు తలకు నూనె కారేలా రాసి కూర్చోబెట్టుకుని ఉంది. ఎదురు దుకాణంలో షాంపూ ప్యాకెట్లు రెండు కొన్నాను. కుళాయి దగ్గర వాడి తల రుద్ది, నా కొంగుతో తుడిచి, ఫ్యాను కింద నిలబెట్టాం. వాళ్ల పేరు పిలిచేసరికి జుట్టు ఆరింది. ఈసారి లోపలి నుంచి అరుపులు వినబడలేదు.