శనివారం నాడు శనిని సాగనంపాం

పదకొండు దాటింది. ఈయన గుర్రు మొదలైంది. నాకే ఆ అయస్కాంతం బుర్రలోంచి పోవడం లేదు.

శాటర్న్ అమ్మేశాం. అదే, మా పాత కారు, 2001 ఎస్ఎల్2 మోడల్. పెద్దది డ్రైవింగ్ నేర్చుకున్నదీ, చిన్నాడు పక్కింటివాళ్ల మెయిల్‌బాక్సుని పడగొట్టినదీను. "ఇంకా ఆ డొక్కు గరాజ్‌లో ఎందుకే" అని అడిగి అడిగి అలిసిపోయినవాళ్లందరూ ఇక హాయిగా నిద్రపోవచ్చు.

పొద్దున పదింటికి ఇద్దరు అబ్బాయిలు వచ్చారు. కొనే కుర్రాడు ఎమ్మెస్‌కి కొత్తగా వచ్చాడట, పాపం మాటే పెగలదు. వెంట ఒక అన్న. కార్ల గురించి అంతా తెలిసిన అన్న. చెప్పులు విప్పి లోపలికొచ్చి, నేనిచ్చిన కాఫీ తాగి, బయటికెళ్లి జేబులోంచి ఫ్రిజ్ మీద పెట్టుకునే అయస్కాంతం బిళ్ల తీశాడు. బానెట్ మీద పెడితే టక్కున పట్టుకుంది. టాప్ మీదా పట్టుకుంది. డ్రైవర్ తలుపు మీద పెట్టాడు, జారి కిందపడింది. తీసి, ప్యాంటుకి తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. వెనక తలుపు, అక్కడా అంతే. అప్పుడు నా వైపు ఒక చూపు చూశాడు చూడండి! పాలల్లో నీళ్లు కలుపుతూ దొరికిపోయినదాన్ని చూసినట్టు.

"ఆంటీ, ఈ సైడు మొత్తం గుద్దిచ్చి పుట్టీ పెట్టిచ్చిన్రా?" సొట్టల్ని పుట్టీతో పూడిస్తే దాని మీద అయస్కాంతం నిలవదుగా, అదీ వాడి అనుమానం.

బాబూ, ఈ కారు గొప్పే అది, తలుపులూ ఫెండర్లూ ప్లాస్టిక్, లోపలి చట్రం స్టీలు, బానెట్టూ టాపూ డిక్కీ మూతా మాత్రమే రేకు అని చెప్పాను. విన్నాడా? అటుపక్కకి వెళ్లాడు. అటూ పడింది. "రెండు దిక్కులా గుద్దిచ్చిన్రా?"

ఆఖరికి ఫోన్‌లో వెతుక్కుని చదువుకున్నాడు. సారీ అంటాడేమోనని చూస్తున్నా. "ఓ, బంద్ అయిన కంపెనీయా ఆంటీ! అయితే వెయ్యికి ఇయ్యుండ్రి" అన్నాడు.

మేం పెట్టిన ధర 1800. ప్రకటనలో "బేరాల్లేవు" అని కూడా రాశారు ఈయన. శాటర్న్‌కి అది సంప్రదాయమట! నిజమే లెండి, ఆ కంపెనీకి పేరొచ్చిందే దానివల్ల. అద్దానికి ఎంత రాసుంటే అంతే, ఎవరికైనా ఒకటే ధర. అమెరికాలో కారు కొనాలంటే సగం రోజు డీలర్‌తో కుస్తీ పట్టాల్సిన కాలంలో అదో వింత.

ఆ వింతకి బలైంది మాత్రం మావయ్యగారు. చిన్నాడు పుట్టినప్పుడు వచ్చారుగా, కారు కొనడానికి ఆయన్నీ తీసుకెళ్లాం. సంతలో ఎద్దుల బేరంలో చెయ్యి తిరిగిన మనిషి. సేల్స్ అబ్బాయి గొప్పగా తలుపుని మోకాలితో ఓ పోటు పొడిచి, సొట్ట పడలేదు చూడండి అన్నాడు. మావయ్యగారు వేలి కణుపుతో టకటకా కొట్టి చూసి, "డబ్బా మోత మోగుతోందిరా. అయినా అమ్మేవాడు సొంత ఎద్దుని తన్నుకుంటాడా ఎక్కడైనా?" అన్నారు. ధర తగ్గించమని అడగరా అంటే ఈయన సిగ్గుతో ముడుచుకుపోయారు. ఇక లాభం లేదని పెద్దాయన సంత ఎత్తే వేశారు. చివాల్న లేచి, కండువా దులిపి, మాకక్కర్లేదు పొమ్మన్నట్టు తలుపు వైపు నడిచారు. మెల్లిగా. వెనక్కి పిలవడానికి అవతలివాడికి వ్యవధి ఇస్తూ. ఎవరూ పిలవలేదు. గాజు తలుపు దానంతటదే తెరుచుకుంది, ఆయన బయటికెళ్లక తప్పలేదు. టెక్సస్ ఎండలో జెండా కర్ర పక్కన పావుగంట నిలబడ్డారు. ఆ అమెరికా అబ్బాయి కంగారుపడి, "మీ నాన్నగారికి ఒంట్లో బాగానే ఉందా, మంచినీళ్లు పంపనా?" అన్నాడు.

సంతకాలయ్యాక షోరూంలో వాళ్లంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టి ఫొటో తీశారు. కొన్నవాళ్లందరికీ అలాగే చేసేవాళ్లు. ఆ ఫొటోలో మావయ్యగారి మొహం చూడాలి, పెళ్లికొచ్చి భోజనం దొరకనివాడిలా.

ఇంటికొచ్చాక అత్తయ్యగారి వంతు. ముందు కారు మీది ఆ ఉంగరం బొమ్మ ఏంటని అడిగారు. ఈయన నోరు ఊరుకోదుగా, శనిగ్రహం అని చెప్పేశారు. "ఒరే, పద్నాలుగు వేల డాలర్లు పోసి శనిని ఇంటికి తెచ్చావురా!" అని తల పట్టుకున్నారావిడ. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన రాకెట్ పేరమ్మా అంటే, రాకెట్టయినా శని శనేనన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు సరే, పైన నల్ల నువ్వులు కూడా చల్లారు. ఆ తర్వాత ఇంజనాయిల్ మార్పించిన ప్రతిసారీ ఈయనది ఒకటే జోకు, తైలాభిషేకం అయిందని.

ఏలినాటి శని ఏడున్నరేళ్లే. ఇది మాత్రం రెండు పదులు దాటినా మమ్మల్ని వదల్లేదు, ఏ కీడూ చెయ్యలేదు. శని పట్టింది కంపెనీకి. 1990లో మొదటి కారు, 2009లో దాని మాతృసంస్థ జనరల్ మోటార్స్ దివాలా. షెవ్రొలే, కాడిలాక్, బ్యూయిక్, జీఎంసీ ఉంచుకుని మిగతావి వదిలించుకున్నారు. శాటర్న్‌ని పెన్‌స్కీ అనే కార్ల డీలర్ల సంస్థవాళ్లు కొంటారని ఆశపెట్టి, తర్వాత్తర్వాత కార్లు తయారుచేసి ఇచ్చేవాళ్లు దొరక్క సెప్టెంబర్ 30న వాళ్లూ చేతులెత్తేశారు. ఆ రాత్రి ఈయన పెరుగన్నం తినకుండా లేచిపోయారు. ఇప్పుడంటే ఒప్పుకోరు, కడుపు నొప్పి అంటారు. టెనెసీలో మా కారు పుట్టిన స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీలో ఇప్పుడు కాడిలాక్‌లు తయారవుతున్నాయి.

ఏం చెప్తున్నాను? ఆ అన్న. ఇదంతా రాస్తుంటే అనిపిస్తోంది, వాడు చేసిన తప్పేముంది అని. మావయ్యగారు కణుపుతో కొట్టి చూశారు, వీడు అయస్కాంతం పెట్టి చూశాడు. ఎద్దు పళ్లు చూడకుండా ఎవడు కొంటాడు? పైగా సొంత డబ్బు కూడా కాదు, ఊరు కాని ఊళ్లో తమ్ముడు మోసపోకూడదని వాడి తాపత్రయం. మంచివాడే.

అయినా సారీ చెప్పుంటే వాడి సొమ్మేం పోయేది? నా ఫిల్టర్ కాఫీ తాగాడు!

ఆ కుర్రాడి అమ్మ వీడియో కాల్‌లోకి వచ్చి శనివారం ఇనుము కొనకూడదంటే, తలుపులకి అయస్కాంతం అంటుకోదండీ, మీవాళ్లనే అడగండి అన్నాను. కాస్త కసి తీరింది. 1600 దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను కూడా. ఇంతలో ఈయన వంటింట్లోంచి చేతులు తుడుచుకునే తువ్వాలు పట్టుకొచ్చి, కుర్రాడి చెయ్యి పట్టుకుని పైన కప్పేశారు! అచ్చం సంతలోలాగే. కింద వేళ్లతో ఏవో లెక్కలు. ఆ పిల్లాడు బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వాడు. పొద్దుట్నుంచీ అదే మొదటిసారి నవ్వడం. ఈయన కూడా చాన్నాళ్లకి అలా నవ్వారు.

డబ్బు లెక్కపెడితే 1400. నాలుగు వేళ్లట. నాకొక్క మాట చెప్పాలిగా? నేను అరగంట గొంతు చించుకుని నిలబెట్టినది తువ్వాలు కింద పోయింది. ప్రకటనలో బేరాల్లేవని రాసిందీ ఈయనే.

టైటిల్ మీద, అంటే బండి యాజమాన్య పత్రం మీద, ఈయన సంతకమైంది. నంబర్ ప్లేట్లు విప్పేశాం, వంటింటి గట్టు మీద పోపులడబ్బా పక్కనే ఉన్నాయి. బండి అమ్మినట్టు డీఎంవీకి, అదే ఇక్కడి రవాణా శాఖకి, తెలియజెయ్యడం ఇంకా మిగిలుంది, రేపు గుర్తుచెయ్యాలి. ఆ కుర్రాడికి ఫోన్ కూడా చెయ్యాలి. రెండో తాళంచెవి దేవుడి గూట్లో, అత్తయ్యగారు పెట్టినచోటే ఉండిపోయింది.