రెండు నిలువుల లోతు

మాల్దీవుల నుంచి తిరిగి వచ్చి నెల దాటింది. ఏడు రాత్రులు పడవ మీదే గడిపిన ఆ ప్రయాణాన్ని తలుచుకుంటే నాకు ముందుగా సుల్తాన్ బజార్‌లో ఒక పాత మేడ మీదున్న చెవి డాక్టరు గారి గది గుర్తుకొస్తుంది. నీలి నీళ్లూ సొరచేపలూ ఆ తరువాతే.

మాల్దీవుల్లో స్కూబా డైవింగ్ కోసం నడిపే సఫారీ బోటు మీద తిండీ నిద్రా అంతా అక్కడే. సిలిండర్లు, వాటిలో గాలి నింపే కంప్రెసర్, నీళ్లలోకి వేసుకునే వెట్‌సూట్లు మాత్రం దాని వెంటే తిరిగే ధోనీ అనే మరో పడవ మీద ఉంటాయి. అటాల్‌ల, అంటే ఉంగరంలా ఏర్పడిన పగడపు దీవుల వరుసల, అంచున సముద్రపు నీరు లోపలికీ బయటికీ పారే కాలువలను అక్కడివాళ్లు కందు అంటారు. ఆటుపోట్ల వేళ ఆ కందుల్లో నీరు వానాకాలపు వాగులా పరుగెత్తుతుంది, పెద్ద చేపలు ఆ ప్రవాహానికే వస్తాయి, వాటి కోసం డైవర్లూ అక్కడే దిగుతారు. అందుకని మా బోటువాళ్లు అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్టుతో పాటు కనీసం 50 డైవ్‌ల అనుభవం ఉండాలని ముందే రాశారు. అండమాన్‌లో, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గర చేసినవన్నీ కలిపినా నా లాగ్‌బుక్‌లో 43 మాత్రమే ఉన్నాయి.

మిగిలిన ఏడింటి కోసం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రెండుసార్లు విశాఖ వెళ్లి వచ్చాను. నీళ్లు మసకగా ఉండడం వల్ల పెద్దగా చూసిందేమీ లేదు. కానీ చివరి డైవ్‌లో నాలుగు మీటర్ల దగ్గర ఎడమ చెవిలో సూది దిగినట్టు నొప్పి పుట్టింది. కొంచెం పైకి వచ్చి, మళ్లీ దిగి, ఎలాగో అడుగుకు చేరాను. ఆ రాత్రి తిరుగు రైలులో పై బెర్తు మీద పడుకుంటే చెవిలో నీరు కదులుతున్నట్టు ఒకటే హోరు.

ఆ నొప్పి నాకు కొత్తది కాదు. జనగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో మోటబావిలో ఈత నేర్చుకున్నాను. మా మామ నా నడుముకు ఎండిన ఆనపకాయ బుర్రలు కట్టి మెట్ల మీద నుంచి నీళ్లలోకి తోసేవాడు. రెండు వేసవులు గడిచేసరికి బుర్రలు లేకుండానే ఈదుతూ, అడుగున పడిన చెంబులు తెచ్చే పిల్లల్లో నేనూ ఒకడినయ్యాను. లోతును మీటర్లలో కాక నిలువుల్లో చెప్పుకునే రోజులవి. ఒక నిలువు దాకా ఏమీ కాదు, రెండో నిలువు దగ్గర చెవులు పోటెత్తుతాయి, అక్కడ పళ్లు బిగబట్టి ఇంకా కిందికి పోయినవాడే మొనగాడు. ఒకసారి అలా పోయి పైకి వచ్చాక ఎడమ చెవి నుంచి రక్తం కారింది. అమ్మమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసింది, పది రోజులకు తగ్గింది, అందరం మరిచిపోయాం. ఆ రోజు నా కర్ణభేరి చిల్లుపడిందని నాకు తెలిసింది నలభై ఆరో ఏట.

బోటువాళ్లు పంపిన ఆరోగ్య ప్రశ్నావళిలో చెవి జబ్బుల గురించి ఒక ప్రశ్న ఉంది. దానికి అవునని రాస్తే డాక్టరు సంతకం తప్పనిసరి. కాదని రాసి పంపేయమని ఇద్దరు స్నేహితులు సలహా ఇచ్చారు, నాకు మనసొప్పలేదు. మా ఇంటికి దగ్గరలో, కూకట్‌పల్లిలో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్లాను. ఎనిమిది వందలు కట్టించుకున్నారు, ముప్పావు గంట కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లాక డాక్టరు గారు ఫారం పై పేజీ కూడా చదవకుండా, నా చెవిలోకి ఒక్కసారైనా చూడకుండా, "స్విమ్మింగే కదా" అని సంతకం పెట్టి ముద్ర వేశారు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి ఆ కాగితాన్ని చూసుకుంటే సంతోషం కలగలేదు సరికదా, చాలా కోపం వచ్చింది. పది మీటర్ల లోతులో ఒంటి మీద పీడనం పైనున్న దానికి రెట్టింపు అవుతుంది. ఆ మాట తెలియకుండా, అడగకుండా పెట్టిన సంతకం నా చెవిని ఎలా కాపాడుతుంది? ఆ కాగితాన్ని నేను బోటువాళ్లకు పంపలేదు.

సుల్తాన్ బజార్ డాక్టరు గారి గురించి మా ఆఫీసులో ఒక పెద్దావిడ చెప్పారు. ఇరుకైన మెట్లు, గోడకు ఎప్పటిదో చెవి పటం, కింద చీరల దుకాణాల నుంచి బేరాల గోల. ఆయనకు డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. ఫారం మొత్తం, నాలుగు పేజీలూ, కళ్లద్దాలు తుడుచుకుంటూ చదివారు. తరువాత చెవిలోకి దీపపు గొట్టం పెట్టి చూస్తూ, "ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా ఊదండి" అన్నారు. ఊదాను. కుడి కర్ణభేరి చూసి "కదులుతోంది" అన్నారు. ఎడమ చెవి దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడు ఊదకండి, ముక్కు మూసుకుని గుటక వేయండి. మళ్లీ. మళ్లీ." ఐదోసారికి చెవిలో టక్కుమని చిన్న చప్పుడు నాకే వినిపించింది. "అదీ, తెరుచుకుంది" అన్నారాయన.

అప్పుడు నా చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో బొమ్మ గీశారు. కర్ణభేరికి వెనక ఉన్న చిన్న గదిని ముక్కు వెనక భాగంతో కలిపే సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది, గుటక వేసినప్పుడో ఆవులించినప్పుడో తెరుచుకుంటుంది. నీళ్లలో దిగేకొద్దీ బయటి పీడనం పెరుగుతుంది కాబట్టి, ఆ గొట్టం ద్వారా లోపలికి గాలి పంపి రెండు వైపులా సమం చేసుకోవాలి. ఆలస్యం చేస్తే పీడనమే ఆ గొట్టాన్ని మూసేస్తుంది, అప్పుడు ఎంత ఊదినా తెరుచుకోదు, బలవంతంగా ఊదితే లోపలి చెవి దెబ్బతిని వినికిడే పోవచ్చు. "నొప్పి వచ్చాక సమం చేసుకోవడం కాదండీ, నొప్పి రాకముందే చేసుకోవాలి. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు" అన్నారు. మోటబావిలో మేం మొనగాడితనం అనుకున్నది ఏమిటో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

చిల్లు ఎప్పుడో పూడిపోయిందనీ, మచ్చ మాత్రం ఉందనీ చెప్పారు. ముక్కు లోపలి పొర దుమ్ముకి వాచి ఉందని ఆరు వారాలకు స్ప్రే రాశారు, రోజూ జలనేతి చేయమన్నారు. సంతకం మాత్రం ఆ రోజు పెట్టలేదు. "ఆరు వారాల తరువాత రండి, అప్పుడు చూసి చెబుతాను" అన్నారు. ఫీజు నాలుగు వందలు. టికెట్లు కొనేసి ఉన్నాను, బోటుకు సగం డబ్బు కట్టేశాను, అయినా ఆ మెట్లు దిగుతుంటే మనసు తేలికగా ఉంది.

ఆ ఆరు వారాలూ తెల్లవారగానే ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో ముక్కు కడుక్కోవడం, గుటకలు వేయడం సాధన చేశాను. ఆదివారాలు గచ్చిబౌలి వైపు నాలుగు మీటర్ల లోతున్న ఒక కొలనులో శిక్షకుడితో దిగేవాణ్ని. అక్కడ ఎక్కువసేపు ఎస్‌ఎంబీ వదలడమే నేర్చుకున్నాను. ఇది నారింజ రంగు పొడవాటి సంచి. ప్రవాహం మనల్ని ఎక్కడికో మోసుకుపోయినప్పుడు, నీళ్లలో ఉండగానే దానిలోకి గాలి ఊది, రీలు దారం వదులుతూ పైకి పంపిస్తే, ధోనీ నడిపేవాళ్లకు మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. దారం వేలికి చుట్టుకుంటే సంచితో పాటు మనిషీ పైకి లేచిపోతాడు. మొదటి ఆదివారం నేను రెండుసార్లు అలాగే లేచిపోయాను. రీలును చూపుడువేలు, బొటనవేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, ఊపిరి వదులుతూ పంపించడం నాలుగో ఆదివారానికి గానీ చేతికి రాలేదు. కొలనుకు గంటకు పన్నెండు వందలు అడగడం మాత్రం అన్యాయమే.

ఖర్చుల సంగతి చెప్పాలంటే, బోటుకు లక్షా డెబ్బై వేలు అయింది. పర్యాటకులు కట్టే గ్రీన్ ట్యాక్స్, ఆక్సిజన్ పాలు పెంచిన నైట్రాక్స్ గాలి, సిబ్బందికి ఇచ్చే టిప్పులు వేరే డాలర్లలో. అన్నిటికన్నా నన్ను విసిగించింది బీమా. ఏజెంటు ఫోనులో "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్నాడు. పాలసీ కాగితం తెరిచి చూస్తే, నీటి అడుగున చేసే సాహస క్రీడలు వర్తించవని పద్నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. డైవర్ల కోసమే ఇచ్చే బీమా వేరుగా తీసుకోవలసి వచ్చింది. రక్తంలో నైట్రోజన్ బుడగలు ఏర్పడితే మనిషిని పీడనం పెంచిన గదిలో గంటల తరబడి ఉంచాలి. అటువంటి గది రాజధాని మాలె దగ్గర బండోస్ ద్వీపంలో ఉంది, దాని ఖర్చు మామూలు మనిషి భరించేది కాదు. వెళ్లేవాళ్లు ఈ ఒక్క కాగితం మాత్రం పూర్తిగా చదవాలి. తిరుగు టికెట్టు విషయంలోనూ అంతే. ఆ బుడగల ముప్పు వల్లే, వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. చవకగా దొరికిందని నేను మొదట తీసుకోబోయిన టికెట్టు చివరి డైవ్ అయిన సాయంత్రానిదే.

ఆరు వారాలకు డాక్టరు గారు మళ్లీ చూసి, రెండు కర్ణభేరులూ కదులుతున్నాయని సంతకం పెట్టారు. "తెరుచుకోకపోతే పైకి వచ్చేయండి, ఆ మాట మీద ఉంటానంటేనే ఈ సంతకం" అన్నారు. మాట ఇచ్చాను.

ఫిబ్రవరిలో బయల్దేరాం. బెంగళూరులో విమానం మారాలి. శంషాబాద్‌లో నా సంచి రెండు కిలోలు ఎక్కువ తూగింది. సిలిండరు గాలి పీల్చుకునే రెగ్యులేటరు, డైవ్ కంప్యూటరు, టార్చి బ్యాటరీలు అప్పటికే చేతిసంచిలో ఉండడంతో ఇంకేమీ తీయడానికి వీల్లేక అదనపు డబ్బు కట్టాను. మాలె విమానాశ్రయం ఉన్నదే ఒక ద్వీపం మీద కాబట్టి, బయటికి రాగానే రోడ్డుకు అవతల జెట్టీలో మా ధోనీ ఆగి ఉంది. సాయంత్రం గైడు పటం పరిచి, నీళ్లలో దాగిన పగడపు దిబ్బల పేర్లు చెప్పాడు. లోతులో ఆగిపోయినది తిల, ఉపరితలానికి దగ్గరగా వచ్చినది గిరి అట. అంత దూరంలో, సముద్రం మధ్య, అక్కడి భాష ధివేహి మాట్లాడే మనిషి నోట మన గిరి అనే మాట వినడం నాకు ఎంతో బాగుంది. అక్కడి నిబంధనల ప్రకారం 30 మీటర్లు దాటి దిగకూడదని గట్టిగా చెప్పాడు.

మొదటి రెండు రోజులూ ఏ ఇబ్బందీ లేదు. మూడో రోజు ఉదయం వావు అటాల్ తూర్పు అంచున మియారు కందు. మియారు అంటే సొరచేప. ఈశాన్య రుతుపవనాల కాలంలో బయటి సముద్రం నుంచి తేట నీరు ఆ తూర్పు కందుల్లోకి వస్తుంది, దానికి ఎదురీదుతూ సొరచేపలు అక్కడే నిలుస్తాయి. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నదే దాని కోసం. ధోనీ మీద నుంచి ఆరుగురం ఒకేసారి దూకాం. ప్రవాహంలో కొట్టుకుపోకముందే అడుగుకు చేరాలి కాబట్టి అందరూ వేగంగా దిగుతున్నారు. మూడు మీటర్ల దగ్గర కుడి చెవి తెరుచుకుంది. ఎడమది తెరుచుకోలేదు. ముందు రోజు రాత్రి ఏసీ గదిలో ముక్కు దిబ్బడ వేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఒక మీటరు పైకి వచ్చి గుటక వేశాను. మళ్లీ వేశాను. కింద నీలంలో గైడు కాళ్లకు తొడిగిన రెక్కలు కనిపిస్తున్నాయి, ఇంకా కిందికి పోతున్నాయి. పళ్లు బిగబట్టి రెండు మీటర్లు దిగితే తెరుచుకుంటుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. అది మోటబావిలో అనిపించినదే. గైడు తల తిప్పినప్పుడు చెవి చూపించి, చేయి అటూ ఇటూ ఆడించి, పైకి పోతున్నానన్న సైగగా బొటనవేలు పైకెత్తాను. నా జతగాడిని అతను తన పక్కకు పిలుచుకున్నాడు, నేను ధోనీ కనబడేలా మెల్లగా పైకి వచ్చేశాను.

ధోనీ మీద ఉన్న కుర్రవాడు ఏమీ అడగకుండా నా సిలిండరు విప్పి, తువ్వాలు ఇచ్చి, వేడి టీ పోశాడు. ఏడుపు వచ్చినంత పనైంది, దాచుకోను. ఆరు వారాల సాధన, విశాఖ రైళ్లు, ఇంత డబ్బు, అన్నీ నీళ్లలో ఉన్నాయి, నేను పైన ఉన్నాను. పడవ నెమ్మదిగా బుడగల వెంట కదులుతోంది. నలభై నిమిషాలకు కాబోలు, కుర్రవాడు ముందుకు చేయి చూపించాడు. చాలా దూరంలో, ఎండలో మెరుస్తున్న నీళ్ల మీద, నారింజ రంగు సంచి ఒకటి నిటారుగా లేచింది. కాసేపటికి దానికి కొంచెం ఎడమగా ఇంకొకటి. టీ గ్లాసు పక్కన పెట్టి, వాళ్లను పైకి లాగడానికి నిచ్చెన దగ్గరికి వెళ్లాను.