ఫ్లోరెన్స్ సంచులు, నల్ల గింజలు

మధ్యయుగాల ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌లో పాలకులను చీటీలు తీసి ఎంచుకునేవారని చెబితే, అదేదో లాటరీ అనుకుని నవ్వేసేవాళ్లే ఎక్కువ. చీటీ తీయడం ఆ పద్ధతిలో అతి చిన్న భాగం. సంచిలోకి ఎవరి పేరు వెళ్లింది, బయటికొచ్చిన పేరును ఎవరు ఆపారు అన్న రెండు ప్రశ్నలు పట్టుకుంటే తప్ప ఆ నగర రాజకీయం అర్థం కాదు.

ముందు పదవులు. ప్రభుత్వాన్ని సిన్యోరియా అనేవారు. అందులో ఎనిమిదిమంది ప్రయోర్లు, వాళ్లకు పెద్దగా న్యాయధ్వజధారి, మొత్తం తొమ్మిదిమంది. ప్రయోర్ల పదవి 1282లో, ధ్వజధారి పదవి 1293లో వచ్చాయి. 1343 తర్వాత నగరాన్ని నాలుగు భాగాలు చేసి, భాగానికి ఇద్దరు చొప్పున ప్రయోర్లను తీసుకున్నారు. పదవీకాలం రెండే నెలలు, అంటే ఏడాదికి ఆరు ప్రభుత్వాలు. ఆ రెండు నెలలూ వాళ్ల తిండి, పడక అన్నీ ప్రభుత్వ భవనంలోనే. బయటివాళ్లు వచ్చి చెవి కొరకకుండా అదొక కట్టడి. వీళ్లకు సలహా చెప్పడానికి రెండు మండళ్లు ఉండేవి: పన్నెండుమంది 'మంచి మనుషులు' మూడు నెలలకు, పదహారుమంది పేటల ధ్వజధారులు నాలుగు నెలలకు. ఈ మూడు పదవులకూ చీటీలే.

పోటీలోకి రావాలంటే ఏదో ఒక వృత్తి సంఘంలో సభ్యుడై ఉండాలి. పెద్ద సంఘాలు 7, చిన్నవి 14. వర్తకులు, బ్యాంకర్లు, ఉన్ని వ్యాపారులు, న్యాయవాదులు పెద్దవాటిలో ఉంటే, కసాయివాళ్లు, కమ్మరులు, రొట్టెలు కాల్చేవాళ్లు చిన్నవాటిలో ఉండేవారు. 1293 నాటి న్యాయశాసనాలు పెద్ద ప్రభువంశాలను ప్రయోర్ పదవికి దూరం పెట్టాయి. కూలికి ఉన్ని దువ్వే వేలమందికి సంఘమే లేదు కాబట్టి పదవి ఊసే లేదు. 1378లో వాళ్లు తిరగబడ్డారు. మికేలే ది లాందో అనే ఉన్ని కార్మికుడు ధ్వజధారి అయ్యాడు, కొత్తగా మూడు సంఘాలు పుట్టాయి. కార్మికుల సంఘం కొన్ని వారాలకే రద్దయింది. మిగతా రెండూ 1382 దాకా నిలిచాయి. ఈ ప్రజాస్వామ్యాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ వారాలను మర్చిపోకూడదని నా అభిప్రాయం.

ఇక సంచి నింపడం. ఇంచుమించు అయిదేళ్లకోసారి పెద్ద వడపోత జరిగేది. పేటల వారీగా అర్హుల జాబితాలు తయారయ్యేవి. వందమందికి పైగా ఉన్న ఒక సభలో ఒక్కో పేరూ చదివేవారు. పేరు వినగానే ప్రతి సభ్యుడూ పిడికిలి మూసి ఒక చిక్కుడు గింజ వేసేవాడు. నల్లది వేస్తే సరే, తెల్లది వేస్తే వద్దు. మూడింట రెండొంతులు నల్లవి పడితేనే నెగ్గినట్టు. తెల్లదంటే ఒప్పుదల అనుకునే మనం ఆ కాలపు రికార్డులు చదివేటప్పుడు ఇక్కడే బోల్తా పడతాం.

నెగ్గినవాళ్ల పేర్లు ప్రకటించేవారు కాదు. అక్కొప్పియాతోరి అనే అధికారులు చీటీలను నగర భాగం ప్రకారం, పెద్ద సంఘమా చిన్న సంఘమా చూసి, వేర్వేరు సంచుల్లో వేసేవారు. ఆ సంచులున్న పెట్టె సాంతా క్రోచే చర్చిలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల దగ్గర ఉండేది. తన పేరు ఏ సంచిలో ఉందో, అసలు ఉందో లేదో తెలియక మనిషి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాడు. ఆ ఎదురుచూపు వల్లనే పోటీదారులు ప్రభుత్వంపై తిరగబడకుండా ఆశతో ఉండిపోయేవారు.

కొత్త ప్రభుత్వం మొదలయ్యే ముందు చీటీ తీసేవారు. పేరు వచ్చినంత మాత్రాన పదవి రాదు, వెంటనే తనిఖీ మొదలవుతుంది. ప్రయోర్‌కు 30 ఏళ్లు, ధ్వజధారికి 45 నిండాలి. పన్ను బాకీ ఉండకూడదు. బాకీదారుల పుస్తకాన్ని 'అద్దం' అనేవారు, అందులో పేరుంటే అంతే. తానో, దగ్గరి బంధువో ఇటీవలే పదవిలో కూర్చుని దిగి ఉండకూడదు. మనిషి చనిపోయి ఉంటే చీటీ చింపేసేవారు. అడ్డంకి తాత్కాలికమైతే చీటీ మళ్లీ సంచిలోకి వెళ్లేది. చీటీ వచ్చి కూర్చోలేనివాణ్ని 'కనిపించినవాడు' అనీ, కూర్చున్నవాణ్ని 'కూర్చున్నవాడు' అనీ రాసేవారు. కనిపించడం కూడా గౌరవమే కావడంతో పదిహేనో శతాబ్దంలో పసిపిల్లల పేర్లు సైతం సంచుల్లోకి చేరాయి.

పన్ను బాకీ నియమం ఎంత దూరం పోయిందో 1433 చూపిస్తుంది. సెప్టెంబరు ప్రభుత్వానికి ధ్వజధారిగా బెర్నార్దో గ్వాదాన్యి కూర్చోగలిగేలా అతని బాకీని అప్పట్లో నగరంలో బలంగా ఉన్న వర్గానికి నాయకుడైన రినాల్దో అల్బిజ్జి కట్టాడని ఆ నాటి రచయితలు రాశారు. గ్వాదాన్యి కూర్చోగానే, అల్బిజ్జికి ప్రత్యర్థి అయిన బ్యాంకర్ కోసిమో దె మెదిచిని భవనానికి పిలిపించి, గోపురంలో బంధించి, తర్వాత నగరం నుంచి వెళ్లగొట్టారు. అయితే అల్బిజ్జి వర్గం సంచులపై పూర్తి పట్టు సాధించలేకపోయింది. 1434 సెప్టెంబరుకు తీసిన చీటీల్లో మెదిచి మిత్రులు వచ్చారు, కోసిమో తిరిగొచ్చాడు.

ఆ పాఠాన్ని కోసిమో బాగా నేర్చుకున్నాడు. చీటీల పద్ధతిని రద్దు చేయలేదు. అక్కొప్పియాతోరి చేతికి అధికారమిచ్చి, ఒక్కో సంచిలో నమ్మకస్తుల పేర్లు కొన్నే మిగిలేలా చేయించాడు. బయటికి చూస్తే అదే సంచి, అదే చీటీ. 1387లోనే చిన్నసంచి అంటూ విడిగా ఒకటి పెట్టి, నమ్మకమైనవాళ్లకు కొన్ని స్థానాలు కేటాయించారు కాబట్టి ఈ ఎత్తుగడ పూర్తిగా కొత్తది కూడా కాదు.

రెండు నెలల ప్రభుత్వం పని ఎలా నడిపింది? తీర్మానం కావాలంటే తొమ్మిదింటిలో ఆరు నల్ల గింజలు పడాలి. తర్వాత సలహా మండళ్లు, ఆపైన ప్రజాసభ, నగరసభ, అన్నిచోట్లా మూడింట రెండొంతులు కావాలి. సభలు ఔననో కాదనో చెప్పడం తప్ప మార్పులు చేయలేవు. పాలకులు మారుతున్నా కచేరీ ఉద్యోగులు నిలిచేవారు: కొలుచ్చో సలుతాతి 1375 నుంచి 1406లో చనిపోయేదాకా ప్రధాన కార్యదర్శిగా ఉన్నాడు. యుద్ధం వస్తే పదిమందితో ప్రత్యేక మండలి వేసేవారు.

ఆ చీటీల రిజిస్టర్లు ఫ్లోరెన్స్ రాష్ట్ర పురాలేఖాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసేవాళ్లు పదవిలో కూర్చున్నవాళ్ల దగ్గర ఆగిపోకుండా, ఆగిపోయిన పేర్ల పక్కన రాసిన కారణాన్ని చదవాలి: అద్దంలో ఉన్నాడు, ఊళ్లో లేడు, వయసు చాలదు, చనిపోయాడు.